గర్భసంచి అని చెప్పాం

ఆ జాకెట్టు నాదే. మా తమ్ముడి గృహప్రవేశానికి కట్టుకుందామని దాచుకున్న ఆకుపచ్చ చీర మీదికి కుట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా తాండూరులో ఆడవాళ్లకు జాకెట్లు కుడుతున్నదాన్ని, నా కొలతలు నాకు కాగితం మీద రాసుకోవలసిన అవసరం లేదు. అయినా ఎడమ వైపు టక్కు సరిగా కూర్చోలేదు. వేసుకుని అద్దం ముందు నిలబడితే అక్కడ గుడ్డను ఎవరో లోపలి నుంచి లాగినట్టు ముడత పడింది. కత్తిరించడంలో తప్పు చేశాననుకుని కుట్లు విప్పి మళ్లీ కుట్టాను. మళ్లీ అదే ముడత. మూడోసారి విప్పుతున్నప్పుడు నా మీద నాకే చిరాకు వేసింది. ఊళ్లో వాళ్లందరికీ సరిగ్గా కుట్టిచ్చే దాన్ని నా ఒంటికి కుట్టుకోలేకపోతున్నానేమిటని.

నాలుగోసారి వేసుకున్నాక గుడ్డను సర్దుదామని చేయి లోపలికి పెట్టాను. ముడత గుడ్డలో లేదు, చర్మంలో ఉంది. దాని కింద చింతగింజ కంటే కొంచెం పెద్దగా, గట్టిగా, కదలకుండా ఏదో తగిలింది. నొక్కితే నొప్పి లేదు.

చేయి తీసేశాను. జాకెట్టు విప్పి మడిచి పక్కన పెట్టి, ఎవరి లంగాకో నాడా ఎక్కిస్తూ కూర్చున్నాను. ఆ పూట చేయవలసిన పనులు చాలా ఉన్నాయి, ఆ నాడా పని వాటిలో లేదు. దాన్నే ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు.

మా ఇల్లు రెండు వాటాలు. మధ్యలో నాపరాళ్లు పరిచిన ఒకే వాకిలి, ఒకే నల్లా, బట్టలారేసుకునే ఒకే తీగ. ఒక వాటాలో మేము, రెండో దాంట్లో మా ఆయన అన్న, నాకు బావ, ఆయన భార్య. అంటే మా యారాలు, వరసకు నాకు అక్క. ఆమెకూ నాకూ పెద్దగా పడేది కాదు. నీళ్లు నేను ఎక్కువ పట్టానని ఆమె, వాకిలి ఆమె ఊడవదని నేను. అదీగాక ఏడాదిగా ఆమె నా దగ్గర జాకెట్లు కుట్టించుకోవడం మానేసింది. ఒకే ఇంట్లో ఉండి బట్ట బయట ఇస్తోందని నాకు లోపల మంటగా ఉండేది. వీధి వైపు గదే నా దుకాణం. అందులో ఒక మూల కర్టెన్ కట్టి, దాని వెనక కొలతలు తీసేదాన్ని. మా ఆయన రాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమల దాకా తెల్లటి దుమ్ము ఉంటుంది. ఒక్కతే బిడ్డ, వికారాబాద్ పక్క ఊళ్లో మా అమ్మ దగ్గర ఉండి ఇంటర్ చదివేది.

ఇరవై రోజులు ఎవరికీ చెప్పలేదు. రోజూ స్నానం చేసేటప్పుడు వేలితో చూసుకునేదాన్ని, ఇవాళ చిన్నదైందేమో అని. మా వీధి చివర ఒక నర్సు ఉండేది. వికారాబాద్‌లో ఆసుపత్రి డ్యూటీకి రోజూ రైల్లో పోయి వచ్చేది. ఆమె జాకెట్టు కొలతకు వచ్చినప్పుడు, భుజం మీద టేపు పెట్టి, వేరే ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను.

"మేడమ్, నాకు తెల్సినామెకు రొమ్ముల గడ్డ లెక్క ఏదో తగుల్తుందంట. నొప్పైతె లేదంట. ఏం కాదు గదా?"

ఆమె అద్దంలోంచి నన్ను చూసింది. "నొప్పి లేకుంటెనే జల్దీ చూపెట్టుకోవాలె. ఎన్ని రోజులైంది?"

"ఇరవై."

"గామె నువ్వేనా?"

నా పెదాల మధ్య గుండుసూదులు ఉన్నాయి. తల ఊపాను. ఆమె టేపు నా చేతిలోంచి తీసుకుని మిషన్ మీద పెట్టింది. కర్టెన్ దగ్గరికి లాగి, "చూడనియ్యి" అంది. వేళ్లతో నొక్కి చూసింది. "రేపు పొద్దున రైలుకు నాతోనే రా. మీ ఆయనను గూడ తోలుకరా" అని మాత్రం చెప్పి, కొలతలు ఇవ్వకుండానే వెళ్లిపోయింది.

వికారాబాద్‌లో ఫొటో తీశారు, సూదితో ముక్క తీసి పంపారు. పది రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ రోజు మా ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు, నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కాగితం తిప్పి చూసి, "అమ్మా, ఇది క్యాన్సర్. హైదరాబాద్‌కు రాసిస్త, ఆపరేషన్ చెయ్యాలె. ఆలస్యం చెయ్యొద్దు" అంది. తర్వాత ఇంకా చాలా చెప్పింది. నేను ఆమె కుర్తా మెడనే చూస్తున్నాను. మెడ పట్టీ ఎడమకు లాగుతోంది. లోపలి గుడ్డను అడ్డంగా కత్తిరించినట్టున్నారు, విప్పి మళ్లీ వేస్తే సరిపోతుంది అనుకున్నాను. "అర్థమైందా అమ్మా?" అని అడిగింది. అర్థమైందన్నాను.

స్టేషన్ దాకా మేమిద్దరం నడిచే వచ్చాం. ఆయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక, డాక్టరు అన్న మాటే ఆయనతో అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు పక్కింటి వాళ్ల కబురు చెప్పినట్టే ఉంది. ఆయన లేచి నల్లా దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. తిరిగి వచ్చి తడి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

"ఆపరేషన్ అంటున్నరు. దాచుతె దాగుతదా?"

"గర్భసంచి తీసేసిన్రని చెప్పుదాం. అందరికి చేస్తనే ఉన్నరు గదా. రేపు బిడ్డకు సంబంధాలు చూడాలె. తల్లికున్నదంటె బిడ్డకు గూడ వస్తదంటరు."

నేను రైలు టికెట్లు కొంగుకు ముడి వేసుకున్నాను.

"వదినెకు అసలే చెప్పకు. ఆమెకు తెల్సిందంటె తాండూరంత తెల్సినట్టే" అన్నాడు.

ఆ మాటకు వెంటనే ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్పొద్దని ఆయన అనకపోతే నేనే అనేదాన్ని. ఆడవాళ్ల రొమ్ములు కొలిచి బతికేదాన్ని. రేపు నా ముందు చేతులు ఎత్తి నిలబడిన వాళ్లు నా వైపు ఎలా చూస్తారోనన్న భయం, జబ్బు భయం కంటే ముందు వచ్చింది. ఇంటికి చేరేసరికి యారాలు నల్లా దగ్గర బిందె కడుగుతోంది.

"ఏమన్నరే డాక్టరమ్మ?"

"గర్భసంచి తీసెయ్యాలన్నరు అక్కా."

ఆమె బిందె కడగడం ఆపింది. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "గంతేనా" అంది. "గంతే" అన్నాను. "గదైతె ఏం ఫికర్ లేదులే" అని మళ్లీ బిందె వైపు తిరిగింది. ఆమె గొంతులో ఏదో దిగిపోయినట్టు వినిపించింది. నా మీద జాలి లేక అలా అందనుకున్నాను.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. ముందే చెప్పారు, సంతకం కూడా పెట్టాను. అయినా కట్టు విప్పిన రోజు నేను సిద్ధంగా లేను. నర్సు తలుపు వెనక ఉన్న అద్దం ముందు నన్ను నిలబెట్టింది, చూసుకోమని. అక్కడ చంక నుంచి ఛాతీ నడిమి ఎముక దాకా అడ్డంగా ఒక కుట్టు ఉంది. దాని పైన, కింద చదునుగా ఉంది. నాకు ఏడుపు రాలేదు. కుట్టు చాలా శుభ్రంగా వేశారే అనుకున్నాను. ఆ తర్వాత నేల మీద కూర్చుండిపోయాను.

మందులు ఎక్కించే ఆరు నెలలూ వికారాబాద్ పక్కన మా అమ్మగారి ఊళ్లోనే ఉన్నాను. తాండూరులో అందరికీ మా ఆయన, ఆపరేషన్ తర్వాత నాకు టైఫాయిడ్ వచ్చిందని చెప్పాడు. మా అమ్మకు అబద్ధం చెప్పడం కుదరలేదు, ఆమే నాకు స్నానం చేయించాలి కాబట్టి. మా నాన్న ఉన్నన్నాళ్లూ గొర్రెల వెంట తిరిగిన మనిషి మా అమ్మ. ఇప్పుడు మంద మా తమ్ముడిది. మొదటిసారి నా పైట తీసి చూసినప్పుడు ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "మీ అయ్య గిది చూడకుండనే పోయిండు, మంచిదే అయింది" అని, నీళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూసి పోసింది. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మా బిడ్డ మాత్రం కాలేజీ నుంచి రాగానే నా పక్కన పడుకుని, కుడి వైపే పడుకునేది. ఎడమ వైపుకు రమ్మని నేనూ పిలవలేదు.

జుట్టు రెండో విడత మందుకు పోయింది. తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్, రోజూ హైదరాబాద్‌కు రైల్లో పోయి రావడం. అన్నీ అయి తాండూరు తిరిగి వచ్చేసరికి ఎండాకాలం. తల మీద అంగుళం జుట్టు వచ్చింది. టైఫాయిడ్‌కు జుట్టు ఊడిందంటే అందరూ నమ్మారు.

మా ఆయనకు నా వైపు చూడడం చేతకాలేదు. అన్నం తెచ్చేవాడు, మాత్రలు గుర్తు చేసేవాడు, నేను చీర మార్చుకుంటుంటే మాత్రం ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాడు. ఒక రోజు తలుపు వేయడం మరిచిపోయాను. ఆయన వచ్చాడు, చూశాడు, అక్కడే ఆగిపోయాడు. తర్వాత గబగబా వెనక్కి తిరిగాడు. నేను అలాగే నిలబడి, పెళ్లయి ఇన్నేళ్లయిన మనిషి నన్ను చూసి పారిపోయాడని నమ్మలేకపోయాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే, అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"నేను భయపడ్డనే. రాయి కోసినట్టు కోసిన్రు. నీకింక నొప్పి ఉన్నదేమో, ఎట్లడగాల్నో తెల్వలే."

"ఉన్నది" అన్నాను. "చెయ్యి పైకి లేస్తలేదు." ఆ పూట నుంచి ఆయనే నా ఎడమ చేయి పట్టుకుని గోడ మీద కొంచెం కొంచెంగా పైకి పాకించేవాడు, ఆసుపత్రిలో చూపించినట్టు.

దుకాణం తెరిచాను. ఖాళీ వైపు కనిపించకుండా నాకు నేనే ఉపాయం చేసుకున్నాను. జాకెట్టు లోపల ఒక సంచి కుట్టి, అందులో దూది, అడుగున బరువుకు కొంచెం ఆవాలు పోసి మూసేశాను. కొలత తప్పలేదు. ఎవరూ కనిపెట్టలేదు. అలాంటివి నాలుగు కుట్టుకుని, ఉతికినప్పుడు తీగ మీద చీర కింద దాచి ఆరేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం గాలి బాగా వచ్చింది. నేను దుకాణంలో ఉన్నాను. చీర ఎగిరి కింద పడ్డట్టుంది. కాసేపటికి యారాలు లోపలికి వచ్చింది. ఆమె చేతిలో నా జాకెట్టు ఉంది, ఎడమ వైపు సంచి తడిసి ఉబ్బి ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా ముందు పెట్టింది.

"ఇదేందే?"

నేను దాన్ని తీసుకుని మిషన్ కింద పెట్టాను.

"నీది గర్భసంచి కాదా?"

"కాదక్కా."

ఆమె వీధి తలుపు దగ్గరికి వేసింది. కర్టెన్ వెనక్కి నడిచింది. నేను వెనకే పోయాను, ఊరంతా చెప్పొద్దని బతిమాలుకుందామని. అప్పటికే ఆమె జాకెట్టు హుక్కులు తీస్తోంది. అది చాలా పాతది, నేనే ఎన్నో ఏళ్ల కింద కుట్టింది, చంకల్లో చిరిగితే అతుకు వేసి ఉంది. దాని కింద కుడి రొమ్మును చీర చింపిన గుడ్డతో గట్టిగా చుట్టుకుంది. గుడ్డ మీద పసుపు, పసుపు మీద మరకలు. విప్పుతుంటే వాసన వచ్చింది. గడ్డ చర్మం పగిలి బయటికి వచ్చింది.

ఎంతోమంది ఆడవాళ్లను ఆ మూలలో చూసినదాన్ని. అలాంటిది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"ఎప్పటి సంది అక్కా?"

"నీకంటె ముందుగాల్నే."

"మరి చెప్పలేదేందే నాకు?"

"చెప్పుదామనే ఉంటి. నువ్వు వికారాబాద్ పోయొచ్చిన్నాడు, నీక్కూడ గిదే అయి ఉంటదేమో అని నల్లా కాడ కూసున్న. నీ మొఖం గట్లనే ఉండె. నీక్కూడ గిదే అంటె, నాది గూడ చెప్పి నీ ఎంబడి వద్దామనుకున్న. నువ్వు గర్భసంచి అంటివి." ఆమె గొంతు మామూలుగానే ఉంది, నీళ్ల గురించి తగువు పడినప్పటి కంటే మెల్లగా. "ఇగ నా ఒక్కదానికే వచ్చిందనుకున్న. ఎవ్వరికి లేంది నాకే వచ్చెనని సిగ్గయింది."

ఆమె నా దగ్గర జాకెట్లు ఎందుకు మానేసిందో అప్పుడు తెలిసింది. కొత్తవి ఎక్కడా కుట్టించుకోలేదు. కొలతకు నిలబడితే నేను కనిపెడతానని పాతవే అతుకులు వేసుకుని తొడుక్కుంది. బయట ఇస్తోందని ఏడాది పాటు నేను మూతి ముడుచుకుని తిరిగాను. బిందె కడగడం ఆపి ఆమె నా ముఖంలోకి చూసిన ఆ క్షణం కళ్ల ముందుకు వచ్చింది. నేను ఒక్క మాట వేరేగా చెప్పి ఉంటే అనే ఆలోచన ఆ మూలలోనే పుట్టింది. ఇప్పటికీ నాతోనే ఉంది.

ఆ సాయంత్రం నలుగురం వాకిట్లో కూర్చున్నాం. మా బావ నాపరాయి గనిలో మేస్త్రీ. భార్య నోటి నుంచే విని, తల వంచుకుని నేల మీద గోటితో గీతలు గీశాడు. "ఒక్క ఇంట్ల ఉండి నాకు తెల్వకపాయె" అని రెండుసార్లు అన్నాడు. నేను అందరి ముందూ నా సంగతి కూడా చెప్పాను. మా ఆయన నా వైపు చూశాడు, ఆపలేదు.

మరునాడు పొద్దున రైలుకు ఆమెను నర్సుతో కలిసి వికారాబాద్, అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకుపోయాను. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, వెన్నెముకకు పాకిందని, ఆపరేషన్‌తో లాభం లేదని, మందులతో కొన్నాళ్లు బాగా చూసుకోవచ్చని చెప్పాడు. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని అడగాలనుకున్నాను, అడగలేకపోయాను. తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. శంకర్‌పల్లి దాటాక, "నువ్వు చెప్పకున్న నాకర్థమైంది. నా తోటి మాత్రం ఇగ అబద్ధం ఆడకు" అంది. సరేనన్నాను.

మందులకు పుండు కొంచెం మానింది, నొప్పి తగ్గింది. ఆమె వంట మా బావకు, బావ బట్టలు నాకు అప్పగించి, వచ్చి నా దుకాణంలో స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. హుక్కులు కుట్టేది. మంచి మాటకారి, గొంతు పెద్దది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ, నేను టేపు తీసే లోపే, అన్నీ చెప్పేసేది.

"మా చెల్లెకు ఒక దిక్కు తీసేసిన్రు. నాకు తీసెయ్యనీకె గూడ టైం లేకపాయె. నీకేమన్న తగుల్తుందా? ఉంటె ఇప్పుడే చెప్పు."

మొదటిసారి విన్నప్పుడు కత్తెర పక్కన పెట్టి ఆమెను ఆపబోయాను. ఇన్ని నెలలు దూది, ఆవాలు పోసి దాచిన దాన్ని ఆమె నడివీధికి వినిపించేలా చెబుతోంది. ఆ రోజు వచ్చినామె బజార్లో పెద్ద బట్టల కొట్టు వాళ్ల కోడలు. ఆడబిడ్డ పెళ్లికని పట్టు జాకెట్ల బట్టలు తెచ్చింది. విని, నా ఛాతీ వైపు చూసి, చూపు తిప్పుకుంది. సంచి మళ్లీ చేతిలోకి తీసుకుని, "పెండ్లి బట్టలు కదా, మా అత్తమ్మను అడిగి మళ్ల వస్త" అని పోయింది.

"ఆమె ఇగ రాదు" అన్నాను. "పెండ్లి బట్టలు నా చేతిల పెడ్తరా ఇంక? నా పనంత పాడు చేస్తివి."

"పాడైతె పాడైతది" అంది యారాలు. "గామె చెయ్యి చూసినవా? నేను చెప్తుంటె ఊకె చంక కింద పెట్టుకున్నది."

నేను చూడలేదు. నాలుగు రోజుల తర్వాత, వీధిలో ఎవరూ లేని వేళ, ఆమె మళ్లీ వచ్చింది. చేతిలో బట్టల సంచి లేదు. నేరుగా కర్టెన్ వెనక్కి పోయి, "అక్కా, జర చూస్తరా" అంది. చంక పక్కన చిన్న గడ్డ ఉంది, వేలికి అటూ ఇటూ జరుగుతోంది. నర్సుతో పంపాను. పరీక్షలో అది ప్రమాదం లేనిదని తేలింది. ఆ కబురు ఫోన్లో చెబుతూ ఆమె ఏడ్చింది. పెళ్లి జాకెట్లు మాత్రం వేరే చోటే కుట్టించుకున్నారు. పెళ్లికి మాకు పిలుపు కూడా రాలేదు.

అలాగే కొందరు వచ్చారు, కొందరు మానేశారు. బషీరాబాద్ నుంచి ఒకామె షేర్ ఆటోలో వచ్చి కన్నడంలో ఏదో అడిగితే, మా యారాలు తనకు వచ్చిన నాలుగు కన్నడ ముక్కలతోనే ఆమెను అరగంట కూర్చోబెట్టింది. నేను కూడా మారాను. ఒక రోజు ఎండకు ఆవాల సంచి కింద చెమట పొక్కులు లేస్తే, తీసి పక్కన పెట్టి, పైట కప్పుకుని కూర్చున్నాను. వచ్చిన వాళ్లు చూశారు. వాళ్లు చూస్తుండగానే వాళ్ల కొలతలు రాసుకున్నాను.

రెండో వానాకాలం దాటాక ఆమెకు వెన్ను నొప్పి ఎక్కువైంది. స్టూలు మీద కూర్చోలేక మంచం పట్టింది. దుకాణం, వాకిలి మధ్య తలుపు తెరిచి ఉంచమనేది, ఎవరు వచ్చారో వినిపించాలని. చివరి వారం మాట తగ్గింది. ఒక పొద్దున నేను ముఖం తుడుస్తుంటే, తన కొత్త జాకెట్టు ఏమైందని అడిగింది. కొంత కాలం కింద నేను ఆమెకు వదులుగా, ముందు హుక్కులు పెట్టి కుట్టిన నీలం జాకెట్టు అది. తెచ్చి తొడిగాను. "మెత్తగున్నది" అంది. ఆ మరునాడు మధ్యాహ్నం పోయింది.

ఆమెకు ఒక బిడ్డ, పరిగిలో ఇచ్చారు. పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక, చుట్టాలు పోయాక, ఆ పిల్లను నా గదిలోకి పిలిచాను. మూడేళ్ల కొడుకు ఒళ్లో ఉన్నాడు. ఆమెకు నా అబద్ధం సంగతి చెప్పాలని అన్నాళ్లుగా అనుకుంటున్నాను. నల్లా దగ్గర జరిగింది, నేను గర్భసంచి అన్నది, ఆమె తల్లి ఎందుకు నోరు మూసుకుందో, అంతా చెప్పాను. "నేను నిజం చెప్తె మీ అమ్మ ఆనాడే దవాఖానకు వస్తుండె. నన్ను తిట్టాలంటె తిట్టు" అన్నాను.

ఆ పిల్ల కొడుకు చేతిలో ఉన్న గాజును తీసుకుంది, మళ్లీ ఇచ్చింది.

"నాకు తెల్సు చిన్నమ్మా" అంది.

"ఏం తెల్సు?"

"అమ్మకు గడ్డ ఉన్నదని. వీడు పుట్టినప్పుడు పరిగికి వచ్చింది గదా, అప్పుడే చూసిన. అప్పుడు చిన్నగనే ఉండె. తర్వాత పగిలినప్పుడు మొదటిసారి గుడ్డ కట్టింది నేనే."

నేను అడగకుండానే ఆమె చెప్పింది. "నాయినకు, నీకు, ఎవ్వరికి చెప్పనని వీని తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నది. పసిపిల్లగాడు. నాకు భయమైంది. చెప్తె వీనికి ఏమన్న అయితదేమో అని."

ఆమెను ఓదార్చాలో, ఆమె మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. కోపం వచ్చినా అది ఎవరి మీదికి పోవాలో కూడా తెలియలేదు. చివరికి ఒక్కటే అడిగాను. "నిన్ను నువ్వు ఎప్పుడన్న చూసుకున్నవా?"

లేదంది.

మరుసటి వారం ఆమె పరిగి నుంచి బస్సులో, నేను తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ చేరుకున్నాం. నర్సు మా కోసం గేటు దగ్గరే ఉంది. డాక్టరు చేత్తో చూసింది, తర్వాత లోపల పరీక్ష చేశారు. పిల్లవాణ్ణి ఎత్తుకుని నేను బయట నిలబడ్డాను. ఏమీ లేదని, ఏడాదికి ఒకసారి చూపించుకుంటే చాలని చెప్పారు. ఆ పిల్ల నమ్మలేదు. కాగితం నా చేతికిచ్చి చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.

బస్టాండ్‌లో పరిగి బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఆమె ఫోన్ తీసి టైం చూసింది. చాలాసేపు ఆ తెర వైపే చూస్తూ ఉంది.

"లోపలికి పోయి వచ్చేసరికి గంట గూడ కాలే చిన్నమ్మా" అంది. "అమ్మకు గూడ గింతసేపే పడ్తుండె గదా."

ఔనన్నాను. బస్సు వచ్చింది. పిల్లవాణ్ణి ముందు ఎక్కించి, సంచి అందించాను. ఆమె కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది.